క్యాంపస్ గేటు మా ఊళ్లకు మళ్లీ తెరవండి

విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి, రిజిస్ట్రార్ గారికి, పాలక మండలి సభ్యులకు,

నమస్కారాలు.

ఈ ఏడాది ఫిబ్రవరి 28న పొద్దున తొమ్మిదిన్నరకి మన క్యాంపస్ మెయిన్ గేటు ముందు నాలుగు సెవెన్ సీటర్ ఆటోలు ఆగాయి. వాటిలో మా జిల్లా పరిషత్ హైస్కూల్ తొమ్మిదో తరగతి పిల్లలు 36 మంది, మా లెక్కల మాస్టారు, నేను ఉన్నాం. జాతీయ సైన్స్ దినోత్సవం కదా, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ల్యాబులు చూపిద్దామని తీసుకొచ్చాం. ఇరవై రోజుల ముందే ఉత్తరం ఇచ్చి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో స్టాంపు కూడా వేయించుకున్నాం. జవాబు రాలేదు. అభ్యంతరం ఉంటే చెప్పేవారు కదా అనుకున్నాం, ఎందుకంటే వెనకటి రోజుల్లో ఈ పనికి ఉత్తరం కూడా అక్కర్లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన లిస్టు చూసి మా స్కూల్ పేరు లేదన్నాడు. డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాను. "ప్రోగ్రాం జరుగుతోంది మేడమ్, కానీ బయటివాళ్లకి లేదు" అన్నారు. పదకొండు దాకా ఎండలో నిలబడి వెనక్కి తిరిగాం. మా క్లాసులో ఒక పాప శాస్త్రవేత్త సి.వి. రామన్ గురించి ఐదు ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకొచ్చింది. మొదటి ప్రశ్న, "సముద్రం నీలంగా ఎందుకుంటుందని ఆయనకి అనుమానం ఎలా వచ్చింది?" అని. రామన్ చిన్నతనం విశాఖపట్నంలోనే గడిచింది, సముద్రాన్ని రోజూ చూసే ఊరు. ఆ సంగతి ఆ పాపకి ఆటోలో నేనే చెప్పాను. మిగతా నాలుగు ప్రశ్నలకి ల్యాబులో ఎవరైనా చెప్తారులే అన్నాను.

గేటు దగ్గర మమ్మల్ని ఆపిన ఆయన మా ఊరివాడే. నా వైపు తలెత్తి చూడలేకపోయాడు. ఆయన తప్పేం లేదు, చెప్పిన డ్యూటీ చేశాడు. చిన్నప్పుడు ఆయనా నేనూ ఒకే చాప మీద కూర్చుని ఇదే క్యాంపస్ ఓపెన్ ఎయిర్ థియేటర్‌లో నాటకాలు చూశాం. ఇప్పుడు ఆయన గేటుకి లోపల ఉన్నాడు, నేను బయట ఉన్నాను.

ఈ ఉత్తరంలో విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. మీకు తెలుసు, మా ఊళ్లకు తెలుసు. ఇలాగే గేట్లు మూసుకున్న మిగతా క్యాంపస్‌ల చుట్టూ ఉన్నవాళ్లు కూడా దీన్ని తమ ఉత్తరంగా చదువుకోవచ్చు.

నేనెవరో చెప్పుకోవాలి. 1998 నుంచి 2000 దాకా ఇక్కడే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఫిజికల్ సైన్స్ టీచర్‌గా పనిచేస్తున్నాను. లేడీస్ హాస్టల్ కట్టిన చోట ఒకప్పుడు మా నాన్న మూడెకరాల వేరుశనగ చేను ఉండేది. ఇది పీజీ సెంటర్‌గా మొదలైనప్పుడు చుట్టూ ఉన్న మూడు ఊళ్ల భూములు తీసుకున్నారు. పరిహారం ఇచ్చారు, కాదనను. అయితే మా పెద్దవాళ్లు ఆ డబ్బు చూసి ఒప్పుకోలేదు. "పిల్లలకి చదువొస్తుంది, ఊరికి నాలుగు మంచి సంగతులు తెలుస్తాయి" అని చెప్తేనే ఒప్పుకున్నారు. ఆ మాట చాలా ఏళ్లు నిలబడింది కూడా.

ఎలా నిలబడిందో ఒకటి రెండు సంగతులు చెప్తాను. ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లలో చాలామంది అప్పుడు ఇక్కడ లేరు.

డిసెంబర్‌లో నాటకాలు పడేవి. పగలంతా ఎండకి కాలిన రాతి మెట్లు రాత్రి ఏడింటికి కూడా వెచ్చగా ఉండేవి. ఆడవాళ్లు చాపలు, మరచెంబుల్లో నీళ్లు, మరమరాలు తెచ్చుకునేవాళ్లు. ముందు వరసలు పిల్లలకి వదిలేసేవాళ్లు. ఒకసారి పద్యం మధ్యలో కరెంటు పోయింది. హార్మోనియం ఆగలేదు, నటుడూ ఆగలేదు. చీకట్లోనే రాగం చివరిదాకా తీశాడు. పెట్రోమాక్స్ లైటు తెచ్చేసరికి జనం "వన్స్ మోర్" అని కేకలు వేస్తున్నారు. కింద కూర్చున్నవాళ్లలో ప్రొఫెసర్లు, హాస్టల్ వంటవాళ్లు, రైతులు, విద్యార్థులు కలిసే ఉన్నారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి వక్తృత్వ పోటీలు పెట్టేవాళ్లు. ఉగాదికి కవి సమ్మేళనం, ఫిబ్రవరి 28న తెరిచిన ల్యాబులు, ఏడాదికోసారి మూడు రోజుల యువజనోత్సవం. వీటిలో దేనికీ ఎవరూ ఐడీ కార్డు అడగలేదు.

రెండోది మా ఇంటి సంగతి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. అదే రోజు మా ఇంట్లో తలుపులన్నీ బిగించుకుని కూర్చున్నాం. మా అమ్మ అప్పుడు మా తమ్ముణ్ణి మోస్తోంది. గ్రహణం విడిచేదాకా ఆమెను కదలకుండా పడుకోబెట్టారు, గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1999 ఆగస్టు 11న సాయంత్రం మళ్లీ గ్రహణం వచ్చింది. అప్పుడు నేను ఇక్కడ విద్యార్థిని. మా మాస్టార్లు చిన్న టెలిస్కోప్ పెట్టి, సూర్యబింబం తెల్ల అట్ట మీద పడేలా అమర్చి, ఊళ్లల్లో దండోరా వేయించి జనాన్ని పిలిచారు. మబ్బులు ఎక్కువగా ఉండి కాసేపే కనబడింది. మా అమ్మ వచ్చి, ఆ అట్ట మీద కొరికిన అప్పడంలా ఉన్న వెలుగు చూసి, "ఇంతేనా? దీనికా నన్ను మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టారు?" అంది. 2019 డిసెంబర్ 26న పొద్దున గ్రహణం పట్టినప్పుడు నా మరదలు ఆరో నెల గర్భిణి. ఆ టైములో వంటింట్లోకి వెళ్లి ఆమెకి ఇడ్లీ పెట్టింది మా అమ్మే. డెబ్భై దాటిన మనిషి అలా మారడానికి ఆ తెల్ల అట్ట ముందు గడిపిన పది నిమిషాలు చాలాయి. నేను ఇంట్లో ఎంత చెప్పినా వినేది కాదు.

2020 మార్చిలో కరోనా వచ్చి గేట్లు మూశారు. అది అందరికీ అవసరమే. తర్వాత క్లాసులు మొదలయ్యాయి, హాస్టళ్లు తెరిచారు, పరీక్షలు జరిగాయి. మాకు మాత్రం గేటు తెరవలేదు. తర్వాత వచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాంపస్‌లో ఏ కార్యక్రమం చేయాలన్నా పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, ఐదుగురి సంతకాలు కావాలి, సాయంత్రం ఐదింటికల్లా ముగించాలి, బయటివాళ్లను రానివ్వకూడదు. మా ఊరి కుర్రాళ్లు పోయినేడు నాటకానికి ఓపెన్ ఎయిర్ థియేటర్ అడిగితే అద్దె, డిపాజిట్, కరెంటు చార్జీలు, సెక్యూరిటీ చార్జీలు, పైన 18 శాతం జీఎస్టీ కలిపి నలభై వేలు దాటింది. వాళ్లు చందాలేసుకుంటే వచ్చింది పదకొండు వేలు.

మేము 2022లో ఒకసారి, 2023లో ఒకసారి వినతిపత్రం ఇచ్చాం. రెండింటికీ ఇన్‌వర్డ్ నంబర్లు ఉన్నాయి. "చూస్తాం" అన్నమాట తప్ప జవాబు లేదు. క్యాంపస్‌లో ఏడాదికి ఎన్ని కార్యక్రమాలు జరిగాయి, విద్యార్థుల దగ్గర వసూలు చేసిన కల్చరల్, స్పోర్ట్స్ ఫీజు ఎంత, దేనికి ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. 30 రోజుల గడువు దాటాక ఒక్క పేజీ వచ్చింది: "సదరు వివరములు విడిగా నిర్వహించబడుట లేదు." అందుకే ఈసారి ఉత్తరం ఇన్‌వర్డ్‌లో ఇవ్వకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

దీనివల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. మా స్కూలు పిల్లలు. మా ల్యాబ్ అంటే ఒక బీరువా. అందులో రెండు పట్టకాలు, పగిలిన అమ్మీటరు, కొన్ని గాజు బీకర్లు ఉంటాయి. కాంతి వర్ణపటం గురించి పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద ఏడు గీతలు గీసి చూపిస్తాను. ఒకప్పుడు సైన్స్ దినోత్సవం రోజున పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చేవాళ్లం. చీకటి గదిలో సోడియం ల్యాంపు వెలిగించి, స్పెక్ట్రోమీటర్‌లో కన్ను పెట్టి చూడమనేవాళ్లు. ఒక్కొక్కరూ చూసి "మేడమ్, పక్కపక్కనే రెండు గీతలున్నాయి" అని అరిచేవాళ్లు. ఆ రెండు గీతలు పుస్తకంలో ఉండవు. 2016లో అలా చూసిన ఒక పిల్లాడు తర్వాత ఇంజనీరింగ్ ఎలక్ట్రానిక్స్‌లో చేరాడు, వాళ్ల నాన్న ట్రాక్టర్ డ్రైవర్. 2020 తర్వాత వచ్చిన బ్యాచ్‌లలో ఒక్కరు కూడా ఆ గది చూడలేదు. పట్నంలో ప్రైవేటు స్కూళ్ల పిల్లల్ని బస్సుల్లో ప్లానెటేరియాలకి తీసుకెళ్తారు. మా పిల్లలకి దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ల్యాబ్ ఇది.

2. క్యాంపస్‌లో చదువుకుంటున్న విద్యార్థులు, అందులోనూ అమ్మాయిలు. ఈ నష్టం బయటికి కనబడదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మొదటి తరం చదువుకుంటున్నవాళ్లు, తెలుగు మీడియంలో చదివినవాళ్లు. పదిమంది ముందు నిలబడి మాట్లాడటం వాళ్లకి ఎవరూ నేర్పలేదు. నేనూ అలాగే వచ్చాను. గిడుగు జయంతి రోజున మొదటిసారి స్టేజీ ఎక్కి రెండు నిమిషాల్లో నోరెండిపోయి దిగిపోయాను. తర్వాతి నెల ఇంకో పోటీ ఉంది, మళ్లీ ఎక్కాను. నెలనెలా ఏదో ఒకటి ఉండేది కాబట్టి రెండేళ్లలో ఎనిమిది సార్లు ఎక్కాను. క్లాసులో నలభై మంది ముందు గొంతెత్తి పాఠం చెప్పే ధైర్యం నాకు అక్కడే వచ్చింది, బీఈడీలో కాదు. ఇప్పుడు పిల్లలకి ఆ రెండో అవకాశమే లేదు. ల్యాబ్ నాలుగున్నరకి అయిపోతుంది, ఆడిటోరియానికి ఐదింటికి తాళం వేస్తారు. ఆ అరగంటలో ఏ రిహార్సల్ జరుగుతుంది? అబ్బాయిలు హాస్టల్ మేడ మీదో, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గరో నాటకం చదువుకుంటున్నారు. అమ్మాయిల హాస్టల్ గేటు ఏడున్నరకి పడుతుంది కాబట్టి వాళ్లకి అదీ లేదు. కిందటి నెల మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి, ఇక్కడ ఎంఏ చదువుతోంది, "మేడమ్, ఏకాంకికలో తల్లి వేషం నాకిచ్చారు, సాయంత్రం ప్రాక్టీసుకి ఉండలేనని తీసేశారు, ఇప్పుడు ఆ వేషం అబ్బాయి వేస్తున్నాడు" అని చెప్పింది. 2020 ముందు ఈ క్యాంపస్‌లో ఆ పరిస్థితి లేదు.

భారత విశ్వవిద్యాలయాల సంఘం ఏటా జోన్ల వారీగా యువజనోత్సవాలు జరుపుతుంది. స్కిట్, మైమ్, మిమిక్రీ, ఏకాంకిక, జానపద నృత్యం, క్లే మోడలింగ్, క్విజ్, డిబేట్, ఇంకా చాలా ఉంటాయి. దక్షిణ మండల పోటీలకి టీము పంపాలంటే ముందు క్యాంపస్‌లో పోటీలు పెట్టి ఎంపిక చేయాలి. అవే జరగకపోతే ఎవరో తెలిసిన నలుగురి పేర్లు రాసి పంపుతారు. మిగతా వేలమందికి అలాంటి పోటీలున్నాయని కూడా తెలియదు. కల్చరల్, స్పోర్ట్స్ ఫీజు మాత్రం అందరూ కడుతూనే ఉన్నారు.

3. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకి తయారయ్యే పిల్లలు. ఇది కార్యక్రమం కాదని మీరనొచ్చు. కానీ క్యాంపస్ గ్రౌండ్‌లో పొద్దున్నే పరుగెత్తే ఆ గుంపు మా ఊళ్లకి ఒక బడి లాంటిది. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంటుంది. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, చేతిలో సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్. సీనియర్లు టైము చూసేవాళ్లు, జూనియర్లు పరుగెత్తేవాళ్లు. సెలెక్టయిన వాళ్లు సెలవుకి వచ్చి మళ్లీ నేర్పేవాళ్లు. ఇప్పుడు వాళ్లంతా తెల్లవారుజామున నాలుగున్నరకి హైవే పక్కన పరుగెత్తుతున్నారు. పోయిన నవంబర్‌లో మా పక్క వీధి అమ్మాయిని బైక్ గుద్దింది. మోకాలు చిప్ప పగిలి నాలుగు నెలలు మంచం మీద ఉంది. నోటిఫికేషన్ వచ్చింది, పోయింది. వాళ్ల నాన్న మేస్త్రీ, ఆపరేషన్‌కి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆ అమ్మాయి ఇంటి నుంచి చూస్తే మన గ్రౌండ్ కనబడుతుంది.

4. దత్తత గ్రామాలు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969 సెప్టెంబర్ 24న, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. ఒక్కో వాలంటీర్ రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉండాలి. 1999లో మా క్యాంపు అలాగే జరిగింది. స్కూల్లో పడుకున్నాం, ఊళ్లోనే వండుకున్నాం. కెమిస్ట్రీ వాళ్లు ఊళ్లో బోరింగుల నీళ్లన్నీ సీసాల్లో పట్టి ల్యాబుకి తీసుకెళ్లి పరీక్ష చేశారు. మూడో వీధి బోరింగులో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే దానికి ఎర్రరంగు వేసి "తాగరాదు" అని రాశారు. ఆ రాత్రి వీధి ఆడవాళ్లంతా వచ్చి, "మరి ఎక్కడ నీళ్లు తెచ్చుకోవాలి?" అని మమ్మల్ని నిలదీశారు. వాళ్లతో కలిసి మండలాఫీసుకి వెళ్లాం. ఏడాది తిరిగేసరికి ట్యాంకు వచ్చింది. పోయినేడు క్యాంపు ఒక శనివారం పొద్దున వచ్చింది. పిల్లలు బడి ముందు ఊడ్చారు, బ్యానరు పట్టుకుని ఫొటో దిగారు, ఒంటిగంటకి బస్సు ఎక్కారు. బ్యానరు మీద ఏడు రోజులని ఉంది. ఆ పిల్లల్ని నేను తప్పు పట్టను. వాళ్లని రాత్రి ఉండనివ్వలేదని వాళ్లే చెప్పారు. ఉన్నత విద్యా సంస్థల్ని పల్లెలతో కలిపే కేంద్ర పథకం ఉన్నత భారత్ అభియాన్ 2014లో వచ్చింది, దాని కింద చేరిన సంస్థ కనీసం ఐదు గ్రామాలను దత్తత తీసుకోవాలి. మా ఊరు ఆ జాబితాలో ఉందని మాకు విశ్వవిద్యాలయాలకి గ్రేడులిచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు తెలిసింది. అప్పుడు మాత్రం గేటు తెరిచి మమ్మల్ని లోపలికి పిలిచారు, కుర్చీలేశారు, శాలువా కప్పారు.

5. నాటకం ఆడేవాళ్లు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు. మా మండలంలో హార్మోనియం వాయించేవాళ్లు ముగ్గురు మిగిలారు. వాళ్లకి ఈ థియేటర్ తప్ప వేరే స్టేజీ లేదు. ఇప్పుడు పెళ్లిళ్లకి కీబోర్డు వాయిస్తున్నారు. యువజనోత్సవం మూడు రోజులూ గేటు దగ్గర బజ్జీలు, మొక్కజొన్న కంకులు అమ్ముకున్నవాళ్లు ఆ డబ్బుతో పిల్లల పుస్తకాలు కొనేవాళ్లు. వాళ్ల తరఫున ఇంతకుముందు ఎవరూ ఉత్తరం రాయలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. కరోనాకి ముందు ఒక ఏడాది యువజనోత్సవంలో బయటి నుంచి వచ్చిన కుర్రాళ్లు తాగి గొడవ చేశారు, కుర్చీలు విరిగాయి, ఒక అమ్మాయిని ఏడిపించారు. అది నిజం. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. మా ఊరివాళ్లే ఆ కుర్రాళ్లలో ఇద్దరిని పట్టుకుని సెక్యూరిటీకి అప్పగించారు, అది కూడా నిజం. ఖాళీ పోస్టులు నిండడం లేదని, ఉన్న సిబ్బందే నాలుగు పనులు చేస్తున్నారని, కార్యక్రమం పేరుతో పార్టీల మీటింగులు పెడతారన్న భయం ఉందని తెలుసు. ఏదైనా జరిగితే పేపర్లో మీ పేరే వస్తుంది. కానీ ఆ ఒక్క రాత్రి తప్పుకి మూడు ఊళ్లకి, వేలమంది విద్యార్థులకి ఇన్నేళ్ల శిక్ష న్యాయం కాదు. గొడవ చేసినవాళ్ల మీద కేసు పెట్టండి, మేము సాక్ష్యం చెప్తాం. వేలాది మందితో జాతరలు, తిరునాళ్లు జరిపించే ఊళ్లు మావి. కర్రలు కట్టి ఆడవాళ్లకి వేరే దారి ఎలా పెట్టాలో, జనాన్ని వరసలో ఎలా పంపాలో తెలిసిన పెద్దమనుషులు మా దగ్గర ఉన్నారు. అడిగితే వస్తారు.

విస్తరణ సేవ, అంటే విశ్వవిద్యాలయం చుట్టుపక్కల జనానికి పనికొచ్చేలా చేసే పని, అన్నది మేము కొత్తగా అడుగుతున్నది కాదు. బోధన, పరిశోధనలతో పాటు అది కూడా విశ్వవిద్యాలయం బాధ్యతేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1977లోనే చెప్పింది. న్యాక్ గ్రేడులిచ్చే పద్ధతిలో ఏళ్ల తరబడి మూడో ప్రమాణంలో పరిశోధన పక్కనే విస్తరణ ఉంటూ వచ్చింది. మార్కులు ఇచ్చేటప్పుడు లెక్కలోకి వచ్చే ఊళ్లు మిగతా రోజుల్లో "బయటివాళ్లు" ఎలా అవుతాయి?

కాబట్టి మేము కోరేవి ఇవి:

1. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఏడాది కార్యక్రమాల క్యాలెండరు ప్రకటించండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, మెయిన్ గేటు దగ్గర బోర్డు మీద పెట్టండి. ఏది విద్యార్థులకి మాత్రమే, ఏది అందరికీ అన్నది దాని మీదే రాయండి.

2. ఫిబ్రవరి 28న సైన్స్ డిపార్ట్‌మెంట్ల ల్యాబులు చుట్టుపక్కల ప్రభుత్వ స్కూళ్లకు తెరవండి. పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు ముందే ఇస్తాం. గంటకి ఒక స్కూల్ చొప్పున టైము కేటాయించినా చాలు.

3. సాయంత్రం ఐదు అన్న నిబంధన తీసేసి రాత్రి తొమ్మిది దాకా అనుమతి ఇవ్వండి. రిహార్సల్స్‌కీ, ప్రదర్శనలకీ ఉండే అమ్మాయిలను హాస్టల్‌కి చేర్చడానికి బస్సు నడపండి. వార్డెన్ మేడమ్‌కి లిస్టు ముందే ఇస్తే గేటు ఇబ్బంది రాదు. కల్చరల్ కమిటీలో సగం మంది అమ్మాయిలు ఉండాలి.

4. ఐదు సంతకాల బదులు ఒక్క డీన్ సంతకం చాలని ఆదేశం ఇవ్వండి. దరఖాస్తు పెట్టిన ఏడు రోజుల్లో అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పండి. కాదంటే కారణం రాయండి.

5. టికెట్ లేకుండా ఆడే నాటకాలకి, సాహిత్య సభలకి ఓపెన్ ఎయిర్ థియేటర్ అద్దె తీసేయండి. తిరిగి ఇచ్చే డిపాజిట్, కరెంటు బిల్లు కడతాం. రాజకీయ సభలకి ఇవ్వకండి, మేమూ అడగం.

6. గ్రౌండ్ పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా తెరవండి. ఫొటోతో పాసులు ఇవ్వండి, రిజిస్టరులో సంతకం పెట్టించండి. పాసుకి డబ్బులు పెట్టకండి. కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు వాళ్లు.

7. కల్చరల్, స్పోర్ట్స్ ఫీజు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ప్రతి సెమిస్టర్ చివర నోటీసు బోర్డులో పెట్టండి.

8. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు ఏడు రోజులూ ఊళ్లో జరగాలి. ఏం పని చేయాలన్నది ఊరితో కూర్చుని తేల్చండి. పిల్లల భోజనం, పడక మా బాధ్యత. మూడో వీధి ఆడవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, "మళ్లీ నీళ్లు పరీక్ష చేసే పిల్లలు రారా?" అని.

వీటిలో రెండోది, ఆరోది చేయడానికి రూపాయి ఖర్చు లేదు, రేపే చేయొచ్చు. మూడో దానికి బస్సు డీజిల్ ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు విద్యార్థులు కట్టిన ఫీజులోంచే రావాలి.

వచ్చే నెల 15లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. ఆ తేదీ తర్వాత వచ్చే మొదటి సోమవారం పదకొండు గంటలకి, జవాబు వచ్చినా రాకపోయినా, పరిపాలనా భవనానికి వస్తాం. నినాదాలు ఇవ్వం, ఎవరికీ అడ్డం కూర్చోం. మూడు ఊళ్ల నుంచి ఇద్దరిద్దరు పెద్దలు, నలుగురు విద్యార్థులు, గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లల తరఫున ఒకరు, నేను ఉంటాం. 2022, 2023 వినతిపత్రాల నకళ్లు, ఫిబ్రవరిలో స్టాంపు వేయించుకున్న ఉత్తరం, ఆ పాప నోటుబుక్కు కూడా తెస్తాం. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరిని ఆ టైముకి అక్కడ ఉండమనండి. మిగిలిన నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పించుకుని వెళ్తాం.

ఇట్లు,
ఈ క్యాంపస్ పూర్వ విద్యార్థిని, ఫిజికల్ సైన్స్ టీచర్,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల
(మూడు ఊళ్ల నుంచి, మూడు హాస్టళ్ల నుంచి సంతకాలు చేసిన 214 మంది తరఫున)